హారన్ కొడితే వేడెక్కిన కారు

మా కరీంనగర్ చుట్టాల్లో ఈ కథ వేరేగా తిరుగుతోంది. మంథని వరద డ్యూటీలో కారు ఆగిపోతే కెప్టెన్ మేడమ్ కొండగట్టు గుడి దిక్కు తిరిగి దండం పెట్టిందట, కొబ్బరికాయ కొట్టిందట, కారు కదిలిందట. పెళ్లిళ్లలో నా ముందే చెబుతారు. ఆ కెప్టెన్‌ను నేనే కదా, నన్నడగండి అంటే, నీకు యాది లేదక్కా, ఊకో అంటారు. నాకు బాగా గుర్తుంది. కొబ్బరికాయ కొట్టలేదు. కరెంటు కొలిచే మల్టీమీటరు పెట్టాను. పద్నాలుగేళ్లు సైన్యంలో బండ్లు బాగు చేయించి జీతం తీసుకున్నదాన్ని. నా పనిని దేవుడి పద్దులో వేస్తే నేను ఊరుకోను.

మంథని చేరింది పొద్దున ఆరూ నలభైకి. వాన. రెండు లారీలు, మూడు పడవలు, అరవై రెండు మంది. మకాం ఒక కాలేజీలో. ఆడమనిషిని కాబట్టి నాకు వేరే గది కావాలన్నారు. దొరికింది కెమిస్ట్రీ ల్యాబు. టేబుల్ మీద పరుపు, తల దగ్గర సింకు. నా సామాను ఒక టూల్ బాక్సు, ఒక మల్టీమీటరు, రెండు జతల బూట్లు. మూడో రోజుకు రెండు జతలూ తడిసి ఆరడం మానేశాయి.

కాలువ గట్ల మీద మా లారీలు పట్టవు. అందుకని జిల్లా వాళ్లు ఒక పాత తెల్ల కారు ఇచ్చారు. పెట్రోలుది. దానితోపాటు డ్రైవరు లచ్చన్న. లక్సెట్టిపేట మనిషి, యాభై ఏడేళ్లు, ఇస్త్రీ చెదరని ఖాకీ చొక్కా. పని ఒక్కటే. నీళ్లకు పాములు ఇళ్లలోకి ఎక్కుతున్నాయి. పాముకాటు మందును ఐసుపెట్టెలో పెట్టుకొని, ఊళ్లలో తిరుగుతున్న మా డాక్టరుకు అందించాలి.

మొదటి రోజు కారు రెండుసార్లు ఆగింది. రెండో రోజు నాలుగుసార్లు. నాలుగోసారి గట్టు మీద, రెండు పక్కలా నీళ్లు, వెనక సీట్లో మందు. వైర్‌లెస్ దగ్గర కూర్చునే నాయక్ మంచిర్యాల బొగ్గుగని కాలనీలో పుట్టినవాడు. పదిహేను గంటల పది నిమిషాలకు కబురు చెప్పాడు.

"లచ్చన్న కారు మళ్ల ఆగింది మేడమ్. పెట్టె నెత్తిల పెట్టుకొని నడుస్తుండట."

మందు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరింది. కాటు తిన్న రైతు బతికాడు. మర్నాడు మా వంటవాడి చాయ్‌కి వంక పెట్టేంత బాగా బతికాడు. కానీ మా మేజర్ ఊరుకోలేదు. రేపు సాయంత్రం పదహారు గంటల్లోపు కారు బాగుపడకపోతే కారునూ డ్రైవరునూ వెనక్కి పంపుతాననీ, డ్రైవరు పనికిరాడని రాసి మరీ పంపుతాననీ అన్నాడు. లచ్చన్నకు రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. పంతొమ్మిదేళ్లుగా అదే కారు. ఆయన సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. ఆ సాయంత్రం అన్నం పళ్లెం ముందు పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.

మర్నాడు ఏడు గంటలకు మొదలుపెట్టాం. మా ఎలక్ట్రీషియన్ హవల్దారు పెట్రోలులో నీళ్లు కలిశాయన్నాడు. ట్యాంకు ఖాళీ చేశాం. నీళ్లు లేవు. ఫిల్టరు మార్చాం, ప్లగ్గులు మార్చాం, కాయిల్ మార్చాం. ప్రతిసారీ కారు చక్కగా స్టార్టయ్యేది. వానలో గేటు దాకా పోయేది. ఆగేది. మళ్లీ సెల్ఫ్ కొడితే బ్రహ్మాండంగా తిరిగేది. అంత బలంగా తిరుగుతుంటే బ్యాటరీ వైపు ఎవరికి అనుమానం వస్తుంది? మాకూ రాలేదు. హవల్దారు బండిని ముసలిదన్నాడు. ముసలితనం జబ్బు కాదు, జబ్బు పేరు చెప్పమన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకుముందే వచ్చి ఉంది.

పదకొండున్నరకు వాన దట్టమైంది. లచ్చన్నను పక్కకు జరిపి నేనే స్టీరింగు పట్టాను. లైట్లు వేశాను, వైపర్లు వేశాను. గేటు దగ్గర ఒక గేదె అడ్డం నిలబడింది. హారన్ కొట్టాను. వైపర్లు అద్దం మధ్యలో నిలబడిపోయాయి. ఇంజను వేడి చూపే ముల్లు ఒక్క గంతు వేసి పైకెక్కింది. హారన్ వదిలాను. ముల్లు దిగింది, వైపర్లు కదిలాయి. మళ్లీ కొట్టాను. మళ్లీ ఎక్కింది. గేదె పోయింది గానీ నేను కొడుతూనే ఉన్నాను. హవల్దారు పరిగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందని.

హారన్ కొడితే ఇంజనులో నీళ్లు కాగవు. ముల్లు అబద్ధం చెబుతోందంటే, కరెంటు పోవడానికి దారి ఉంది, తిరిగి రావడానికి దారి సరిగా లేదు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకు ఒక లావు వైరు పోతుంది. అది బాగుంది కాబట్టి సెల్ఫ్ తిరుగుతోంది. బాడీకి ఇంకో సన్న ఎర్త్ వైరు పోతుంది. లైట్లు, వైపర్లు, హారన్, వెనక ట్యాంకులో పెట్రోలు పంపు, అన్నిటికీ తిరుగుదారి అదే. వాన పడితే అన్నీ ఒకేసారి వేస్తారు. అప్పుడు పంపుకు కరెంటు అందదు. కారు ఆగుతుంది.

మల్టీమీటరు తీగ మొన ఒకటి బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి బాడీకి ఆనించాను. లైట్లు వేసి చూస్తే దాదాపు సున్నా ఉండాలి. మూడు వోల్టులు చూపింది. బాడీ మీద ఆ వైరును బిగించిన బోల్టు విప్పాను. వైరు కొనకూ రేకుకూ మధ్య పచ్చగా, ఎండి గట్టిపడిన పూత. దాని నడుమ ఎర్రగా ఒక చుక్క.

"ఇదేంది లచ్చన్నా?"

"పసుపు, కుంకుమ మేడమ్."

"అది నాకూ కనబడుతుంది. బోల్టు కింద ఎందుకున్నది?"

"పైన పెడితే వానకు కడుక్కపోతది గదా. వరద డ్యూటీ అన్నరని కొండగట్టుకు పోయి పూజ చేయించిన. పంతులు బానెట్ మీద పెట్టిండు. నేనే బోల్టు విప్పి జర లోపట పెట్టిన, నిలుస్తదని."

హవల్దారు గోడ దిక్కు తిరిగి నవ్వుకున్నాడు. నేను నవ్వలేదు. పూత గీకకుండా బోల్టు మళ్లీ బిగించి, విడిగా ఒక వైరుతో మైనస్‌నూ బాడీనీ కలిపాను. లైట్లు, వైపర్లు, హారన్ అన్నీ వేసినా కారు ఆడుతూనే ఉంది. వైరు తీశాను. ఆగింది. మూడుసార్లు చూపించాను. లచ్చన్న మూడుసార్లూ చూశాడు. మొహం వాడిపోయింది. బోల్టు విప్పి, రుమాలు తడిపి తనే పూత తుడిచాడు. నేను ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా గీకి బోల్టు బిగించాను. పదమూడు గంటల ఇరవై.

అసలు గొడవ రిపోర్టు దగ్గర వచ్చింది. కారణం అన్న గడిలో ఎర్త్ జాయింటు మధ్య పూత అని రాశాను. ఏం పూత, ఎవరు పూశారు అని మేజర్ అడిగాడు. చెప్పాను. అయితే ఇది డ్రైవరు తప్పే కదా, పంపేద్దాం అన్నాడు. తప్పే, కాదనను. కానీ ప్రతి దసరాకూ మన వర్క్‌షాపులో మల్టీమీటరు నుంచి క్రేన్ దాకా బొట్టు పెడుతున్నాం, పోయిన దసరాకు మీ జీపుకు స్వయంగా మీ చేత్తో పెట్టారు, ఫొటో కూడా దిగారు, మరి మిమ్మల్ని ఎక్కడికి పంపాలి సార్ అని అడిగాను. వైర్‌లెస్ నాయక్ చెవులకు హెడ్‌ఫోన్లు గట్టిగా అదుముకున్నాడు. మేజర్ జేబులోంచి కలం తీశాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. నా జీపు కూడా ఒకసారి చూడు అన్నాడు.

లచ్చన్న ఉన్నాడు. ఇంకా తొమ్మిది రోజులు. రోజుకు ఆరు గంటలు, ఒక్కోరోజు తొమ్మిది. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగేదల్లా టిఫిన్ కోసం లచ్చన్నే.

పదమూడో రోజు నన్ను కరీంనగర్‌లో మా అవ్వగారింటి ముందు దింపాడు. వానలు వెలిసి ఎండ కాస్తోంది. టూల్ బాక్సు అరుగు మీద పెట్టి నిలబడ్డాడు. ఏదో అడగాలనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"మేడమ్, పెద్ద డ్యూటీ పడ్డప్పుడల్లా గట్లనే పెట్టిన. గిప్పటిదంక ఎన్నడు ఆగలే. గా ముందటి వరదకు గూడ ఆగలే. గిదేందో జర చెప్పుండ్రి."

ఈసారి పూత మందమై ఉంటుందన్నాను. ఎప్పుడూ రెండు వేళ్లతోనే పెడతానన్నాడు. తుప్పు కూడా చేరి ఉంటుందన్నాను. మీరే విప్పిండ్రు గదా, తుప్పున్నదా అన్నాడు. లేదు. బోల్టు ఈసారి సరిగా బిగించి ఉండవన్నాను. ఆ మాటకు మాత్రం నొచ్చుకున్నాడు. మీరు చదువుకున్నోళ్లు మేడమ్, నేనడిగింది మాత్రం చెప్పలే అని, నవ్వి, కారెక్కాడు.

వాడకట్టు మలుపు దాకా చూశాను. మిట్టమధ్యాహ్నం. కళ్లు చెదిరే ఎండలో లైట్లన్నీ వేసుకొని, పొడి అద్దం మీద వైపర్లు గీరుకుంటుంటే, హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, నేను చూపిన పరీక్షే మళ్లీ చేస్తూ పోతున్నాడు లచ్చన్న ఆ తెల్ల కారులో. కోళ్లు చెదిరిపోయాయి. పక్కింటావిడ పెళ్లి వాళ్లా అని అడిగింది. ఏళ్లయింది. కళ్లు మూస్తే ఇప్పటికీ అదే కారు, అదే ఎండ.

కొబ్బరికాయ కొట్టానని ఎవరైనా అంటే ఇప్పటికీ జవాబు చెప్పగలను. లచ్చన్నకే చెప్పలేకపోయాను. కరెంటు పని తెలిసినవాళ్లు ఈ పేజీ చదువుతూ ఉంటే చెప్పండి, అదే కారు, అదే బోల్టు, అవే రెండు వేళ్ల పసుపు. అన్నేళ్లు ఆగనిది ఆ వానకే ఎందుకు ఆగింది?