గోడ పట్టుకున్న పిల్ల

అప్పట్లో నేను ఊరికే అలిసిపోయేదాన్ని. ఇప్పుడూ అలిసిపోతాననుకోండి, కానీ ఇప్పుడు ఉద్యోగమనీ, ఇల్లనీ, మోకాళ్ళనీ చెప్పుకోవడానికి నాలుగు సాకులున్నాయి. తొమ్మిదో తరగతి చదివే పిల్లకి ఏ సాకు ఉంటుంది? అయినా సరే, అనకాపల్లిలో మా ఆడపిల్లల హైస్కూలుకి నడిచి వెళ్ళేసరికే నాకు సగం ప్రాణం పోయేది. మిగిలిన సగాన్ని మా డ్రిల్లు టీచరుగారు ఆఖరి పీరియడులో తీసేవారు. సాయంత్రపుటెండ మొహాన కొడుతుండగా గ్రౌండు చుట్టూ పరిగెత్తించి, తాను మాత్రం గొడుగు కింద నిలబడి "మోకాళ్ళు పైకి" అనేవారు. ఇలాంటి రోజుల్లో ఒక వార్త తెలిసింది. వార్షికోత్సవం నాటకంలో ఉన్నవాళ్ళకి డ్రిల్లు ఉండదట. నటించడం నా వల్ల కాదు. నలుగురి ఎదుట నిలబడితే నా కాళ్ళు నా మాట వినేవి కావు. కానీ తెర వెనక కూడా మనుషులు కావాలని విన్నాను. తెర వెనక అంటే నీడ. నీడలో ఒక ట్రంకుపెట్టె, దాని మీద నేను, నా ఒళ్ళో మరమరాల పొట్లం, ఎవరైనా వచ్చి అడిగితే మీసం తీసి ఇవ్వడం. నాటకరంగం గురించి ఆనాటికి నాకున్న ఊహ ఇంతే. మర్నాడే వెళ్ళి పేరిచ్చేశాను.

నాటకం మా తెలుగు మాస్టారిది. ఆయన ఆ ఏడాది చివర్లో రిటైరవుతున్నారు. ఎప్పుడో కుర్రతనంలో రాసుకున్న నాటకాన్ని వరసగా వచ్చిన హెడ్మాస్టర్లందరికీ చూపిస్తూ వచ్చారట, అందరూ "వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ" అంటూ వచ్చారట. చివరికి మా హెడ్మిస్ట్రెస్ గారు, వెళ్ళిపోయే మనిషి కదా వేసుకోనివ్వండి అన్నారు. (ఆ మాట స్టాఫ్ రూములో అన్నది మా దాకా ఎలా వచ్చిందని అడక్కండి. ఆడపిల్లల హైస్కూల్లో గోడలకి చెవులుండవు, నోళ్ళుంటాయి.) కథ పెద్ద కష్టమైనది కాదు. ఇద్దరన్నదమ్ములు వాటాలు పంచుకుని పెరట్లో అడ్డంగా గోడ కట్టించుకుంటారు. మొదటి భాగమంతా తగువు. రెండో భాగమంతా పశ్చాత్తాపం, వదినగారి కన్నీళ్ళు, మాస్టారు ప్రాణంపెట్టి రాసుకున్న పద్యాలు. ఆఖర్న అన్నగారు గోడని ఒక్క తోపు తోస్తే అది పడిపోవాలి, ఇద్దరూ కౌగలించుకోవాలి.

అంటే గోడ నిలబడాలి, కానీ సమయానికి పడిపోవాలి కూడా. కాళ్ళు బిగిస్తే పడదు, బిగించకపోతే నిలబడదు. మాస్టారు చాలాసేపు ఆలోచించి, మా వరస మీదుగా చూపు పోనిచ్చి, నా దగ్గర ఆపారు.

"నువ్వు దిట్టంగా ఉన్నావే అమ్మాయ్. మీ నాన్న ఏం చేస్తాడు?"

"బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేస్తారండి."

మాస్టారి కళ్ళు మెరిశాయి. "అయితే గోనె పట్టాలు దొరుకుతాయన్న మాట."

అలా ఒక్క జవాబుతో గోడా నాదే అయింది, గోడకి కావలసిన గోనెలూ నావే అయ్యాయి. మా నాన్న షావుకారుని బతిమాలి, బెల్లం దిమ్మల కింద పరిచే పాత పట్టాలు తెచ్చిపెట్టారు. వార్షికోత్సవం అయిన సాయంత్రమే తిరిగి అప్పజెప్పాలని షరతు. వాటిని కలిపి కుట్టి, వెదురు చట్రానికి బిగించి, సున్నం కొట్టి ఇటుకల గీతలు గీశాం. నా పని ఆ చట్రం వెనక నిలబడి, రెండు చేతులూ పైకెత్తి అడ్డబొంగు పట్టుకోవడం. నాటకం మొదలైన దగ్గర్నుంచి గోడ పడేదాకా. నెలరోజుల రిహార్సల్సులో నాకు ట్రంకుపెట్టె మీద కూర్చునే యోగం ఒక్కనాడూ పట్టలేదు. గ్రౌండులో పరిగెత్తే మా క్లాసు పిల్లలు కిటికీలోంచి కనబడేవారు. ఎంత హాయిగా పరిగెత్తుతున్నారో అనిపించేది.

ఇక ఇంట్లో కథ వేరు. "నాటకంలో ఉన్నానే" అని మా అమ్మతో ఒకే ఒక్కసారి అన్నాను. ఆ సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. అమ్మ ఎస్టీడీ బూతుకి వెళ్ళి మాకవరపాలెంలో మా అమ్మమ్మ పక్కింటికి ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను సర్దుదామని చూశాను.

"వేషం కాదే అమ్మా. నేను గోడ పట్టుకుంటాను, అంతే."

"గోడ పట్టుకుని ఏడుత్తావా?"

"ఏడవను. ఊరికే పట్టుకుంటాను."

"అదే కష్టమే. పైకి ఏడవకుండా లోపల కుమిలిపోడం అందరికీ వత్తాదేటి?" అంది అమ్మ, అప్పుడే కళ్ళు తుడుచుకుంటూ. రాత్రి నాన్నతో, మన పిల్లకి బరువైన పాత్ర ఇచ్చారని చెబుతుంటే విన్నాను. బరువు విషయంలో ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు కాబట్టి ఊరుకున్నాను.

వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు, వచ్చినవాడు చాలాసేపు మాట్లాడాడు. నాటకం మొదలయ్యేసరికి పొద్దువాటారింది. గోడ సందులోంచి తొంగి చూశాను. ముందు వరసలో మా అమ్మ, మడత నలగని రుమాలు చేతిలో పట్టుకుని. పక్కన అమ్మమ్మ. ఆ పక్కన తెల్లవారుజామునే మార్కెట్టుకి వెళ్ళి అటునుంచి అటే వచ్చిన నాన్న, అప్పటికే గడ్డం గుండెలకానించి నిద్రపోతూ. నాతోపాటు గోడ వెనక తమ్ముడి వేషం వేసిన పిల్ల నిలబడింది. తమ్ముడి వాటా వెనకవైపు కాబట్టి తను అక్కణ్ణుంచే అరవాలి. ముందువైపు అన్న వేషంలో నా బెంచీ స్నేహితురాలు. దాన్ని అందరం మైకు అనేవాళ్ళం. దాని గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి.

లైట్లు వేశారు. వేడి తగిలింది. అప్పుడు తెలిసింది, గోనెల్ని మేం ఎంత ఉతికినా బెల్లం వాటిని వదిలిపెట్టలేదని. ముందు తియ్యటి వాసన వచ్చింది. తరవాత నా ముంజేతి మీద ఏదో పాకింది. స్టేజీ కింద ఎన్నాళ్ళ నుంచో కాపరముంటున్న గండుచీమలు అట్టహాసంగా బయల్దేరి వెదురు మీదుగా గోడ ఎక్కి, గోడలో చోటు చాలక నా మీదికి వస్తున్నాయి. ఊదాను. భుజంతో తోముకున్నాను. పక్కపిల్లని కళ్ళతో బతిమాలాను. తను మీసం ఊడిపోతుందన్న భయంలో నన్ను చూడనే లేదు. అవతల జనం నిశ్శబ్దంగా ఉన్న చోటల్లా అమ్మమ్మ గొంతు వినబడుతోంది. ఆవిడకి చెముడు, అందుకని రహస్యాలు కూడా కేకేసే చెబుతుంది.

"ఒలే, మన గుంట ఏదే?"

"వత్తాదమ్మా. కాసేపాగు."

"ఎప్పుడొత్తాది? బస్సెళ్ళిపోద్ది నాకు."

సరిగ్గా అప్పుడు మైకు, "ఈ గోడ ఉన్నంతకాలం నీ మొహం చూస్తే ఒట్టు తమ్ముడూ" అని గర్జించింది. సరిగ్గా అప్పుడే ఒక చీమ నా చంకలో చేరి పని మొదలుపెట్టింది. ఒక్క క్షణం, ఒక్క చెయ్యి వదిలాను. గోడ ఆలోచించుకున్నట్టు కొంచెం ఊగి, ముందుకి వాలి, మైకు పక్కకి దూకబట్టి దాని మీద పడకుండా, సున్నం దుమ్ము లేపుతూ కూలిపోయింది.

దుమ్ము తగ్గేసరికి, ఒకరి మొహం ఒకరు చూడమని ఒట్టేసుకున్న అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య స్కూలు యూనిఫారంలో, ఒక చెయ్యి ఇంకా పైకెత్తి, ఒక చేత్తో గోక్కుంటూ నేను.

"అదిగదిగో మన గుంట" అంది అమ్మమ్మ.

మైకుకి ఏం చెయ్యాలో తోచక, తోచనప్పుడల్లా చేసే పనే చేసింది, గట్టిగా అరిచింది. "ఎవత్తివే నువ్వు?"

నాకు ఏడుపు రావాలి. రాలేదు. నెలరోజుల అలసటంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "గోడ కట్టిన కూలీనండి" అన్నాను. "ఈ గోడ నిలబడదండి. పొద్దుట్నుంచీ పట్టుకున్నాను, సేతులు పడిపోతన్నాయి. మీరూ మీరూ ఏటో తేల్సుకుంటే నేను ఇంటికెల్తానండి."

జనం నవ్వారు. ఎంత నవ్వారంటే షామియానా చివర నిలబడ్డ రిక్షావాళ్ళ దాకా ఆ నవ్వు పాకింది. అమ్మ రుమాలు ఎటు వాడాలో తెలియక నోటికి అడ్డం పెట్టుకుంది. అదే అదనుగా మైకు ఆఖరి పేజీలోకి దూకేసింది. "దేవుడే గోడ కూల్చాడు తమ్ముడూ" అని ఆ పిల్లని వాటేసుకుంది. ఎవరో తెర లాగేశారు. రెండో భాగం, వదినగారి కన్నీళ్ళు, పద్యాలు, అన్నీ అలాగే ఉండిపోయాయి. ముఖ్య అతిథి లేచి, నాటకమంటే ఇలా క్లుప్తంగా ఉండాలని మెచ్చుకుని కారెక్కాడు.

మాస్టారు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నారు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చేతులు చూపించాను. మోచేతుల దాకా దద్దుర్లు.

"కొబ్బరినూనె రాయించుకో అమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తరవాత ఎవరితోనూ కాదన్నట్టు, "పద్యాలు రెండో భాగంలో ఉన్నాయి" అన్నారు.

అమ్మా అమ్మమ్మా బస్సు కోసం పరిగెత్తారు. పట్టాలు షావుకారుకి అప్పజెప్పాలి కాబట్టి నాన్న రిక్షా మాట్లాడుకుని వచ్చారు. ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పట్టాలు రిక్షాలోకి ఎత్తి, మాస్టారికి దణ్ణం పెట్టి, మొహమాటంగా నిలబడ్డారు.

"ఏటనుకోకండి మాస్టారూ. మజ్జిలో కాస్త కునుకు పట్టేసింది నాకు. గొడవాడుకుంటన్నారు కదా అనుకున్నాను, జనం నవ్వితే లేచి సూసేసరికి వాటేసుకుంటన్నారు. ఆ మజ్జిలో ఏటయిందండి? ఎలాగ కలిసేరు?"

మాస్టారు తలెత్తి చూశారు. మధ్యలో ఏమీ జరగలేదని నాన్నకి తెలీదు. నేను చెప్పబోయాను. మాస్టారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపి, లేచి, ఉత్తరీయం దులుపుకున్నారు. "నడుస్తూ చెప్తాను పదండి" అన్నారు.

నన్ను పట్టాల మీద కూర్చోబెట్టారు. రిక్షా నెమ్మదిగా కదిలింది. ఒక పక్కన నాన్న, ఒక పక్కన మాస్టారు. ఆయన వదినగారి గొంతుతో ఏడ్చారు, తమ్ముడి గొంతుతో బదులిచ్చారు, పద్యం వచ్చినప్పుడు ఆగి, చెయ్యి చాచి, రాగం తీశారు. నాన్న "అలాగా" అన్నారు, "అయ్యో" అన్నారు. ఎదురొచ్చే సైకిళ్ళు పక్కకి తప్పుకున్నాయి. "అప్పుడొస్తాడండీ ఆ కూలీ" అని మాస్టారు అనడం విన్నాను. నాటకంలో అంతవరకూ కూలీ లేడు. మాస్టారు ఆ రోడ్డు మీదే, అప్పటికప్పుడు నాకోసం ఒక పాత్ర పుట్టిస్తున్నారన్న మాట. నిటారుగా కూర్చుని వినాలనుకున్నాను. ఒళ్ళు వెచ్చగా ఉంది, గోనె మెత్తగా ఉంది. నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్న నాన్న చాలా సంతోషంగా ఉన్నారు. "మాస్టారు నీకు మంచి పాత్ర రాసేరే" అన్నారు. "ఆ కూలీ వచ్చి ఒక మాటంటాడు, దాంతో ఇద్దరికీ నోట మాట రాదు. అక్కడ నాకు కళ్ళంట నీళ్ళొచ్చేయి."

"ఏం మాట నాన్నా?"

ఆయన చాలాసేపు బుర్ర గోక్కున్నారు. "రాత్రి బాగానే గుర్తుందే" అన్నారు.

మాస్టార్ని అడుగుదామనుకున్నాను. అంతలో పరీక్షలు, సెలవులు. స్కూలు తెరిచేసరికి ఆయన రిటైరై విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ నేను ఆయన్ని చూసింది డిగ్రీ చదివే రోజుల్లో, బస్టాండులో. బాగా తగ్గిపోయారు. పేరు గుర్తు రాలేదు గానీ, "గోడ పట్టుకున్న పిల్లవి కదూ" అన్నారు. నేను ఆశగా, ఆ రోజు రిక్షా పక్కన నడుస్తూ చెప్పిన కూలీ మాట ఏమిటి మాస్టారూ అని అడగబోయాను. ఆయనే ముందు అడిగారు.

"ఆ కూలీ చేత ఒక మాట అనిపించేను చూడు, నువ్వు రిక్షాలో ఊఁ కొడుతూ విన్నావు. రాసి పెట్టుకోలేదు నేను. ఎంత తన్నుకున్నా ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఏదీ, ఒక్కసారి అను."

నిద్రలో ఊఁ కొట్టానన్న మాట. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తల ఒక పక్కకి వంచి, ఎదురు చూస్తున్నారు. ఆయన ఎక్కవలసిన బస్సు అప్పుడే వచ్చి ఆగింది. నాకు అంత బుర్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

"గోడ కట్టడానికీ ఒక రోజు కూలే, పడగొట్టడానికీ ఒక రోజు కూలే. ఏది సేయమంటారు బాబూ అంటాడండి" అన్నాను.

మాస్టారు పెదాలు కదిలించి ఆ మాటని లోపలే ఒకసారి అనుకున్నారు.

"బాగానే రాసేను" అని, నా భుజం తట్టి, మెల్లగా బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి. బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నాకోసం ఎవరైనా పాత్ర రాయడం జన్మలో అదొక్కసారే. దాన్ని నేను నిద్రలో పోగొట్టుకుని, బస్టాండులో నేనే రాసుకుని, ఆయన పేరున జమ వేశాను. ఆ పిల్ల అంత ధైర్యం ఎలా చేసిందా అని ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక్కోసారి, నవ్వుతుండగానే, మాస్టారి అసలు మాట ఇంకా బాగుండి ఉంటుందేమో అనిపిస్తుంది.