విస్తరాకుల గెత్తం

మా నాన్న పాతపట్నం మిషను బడిలో సైన్సు పంతులు. సైన్సు చెప్పేవాళ్ళ జబ్బు ఆయనకూ ఉండేది. ఏ సంగతీ చదివి ఊరుకోలేడు, ఇంట్లో చేసి చూడాలి. యుద్ధం రోజుల్లో కూరగాయలు ప్రియమైపోయాక ఆయన కన్ను మా పెరటి మీద పడింది. అది గులకరాళ్ళ నేల. పల్లేరుకాయలు తప్ప ఏదీ పండేది కాదు.

మా వైపు ఎరువును గెత్తం అంటారు. గెత్తం ఇంట్లోనే తయారుచేస్తానని నాన్న గొయ్యి తవ్వాడు. ఎండాకు ఒక పొర, పచ్చాకు ఒక పొర, పైన పేడనీళ్ళు, ఇంత మన్ను. పిండిన గుడ్డకున్నంత తడి ఉండాలి, లోపలికి గాలి ఆడాలి. ఇదంతా ఆయనకు కంఠతా వచ్చు. తెలియనిదల్లా ఒకటే, మా ఇంట్లో చెత్త ఉండదని.

కూర తొక్కలు పక్కింటి గేదె కుడితిలోకి పోయేవి. గంజి మేమే తాగేవాళ్ళం. బూడిద అంట్లకు, ఎండుటాకులు నీళ్ళ పొయ్యికి, పేడ పిడకలకు. నాన్న చేయి చాచిన ప్రతిదానికీ ముందే ఓ గిరాకీ ఉండేది.

"గేదె నోటికాడ కూడు లాగి గోతికెడతారేటండీ?" అని అమ్మ అడిగేది.

నెల తిరిగేసరికి గోతిలో చేరినవి కాస్త చింతాకు, దాని మీద హాయిగా పడుకున్న వీధికుక్క.

అంతలో మా వెనకింటి షావుకారు కూతురి పెళ్ళి వచ్చింది. భోజనాలయ్యాక అడ్డాకు విస్తళ్ళు గోడ అవతల గుట్టగా పడ్డాయి. ఆ గుట్టను నాన్న చూసిన చూపు, పెళ్ళికొడుకు పెళ్ళికూతురిని కూడా చూసి ఉండడు. సాయంత్రానికి ఒక తట్ట నింపి, నెత్తిన పెట్టుకుని, నడివీధిలోంచి ఇంటికి మోసుకొచ్చాడు. చొక్కా మీద పప్పుచారు కారుతోంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏటండీ అది?"

"ఎరువే. ఇన్నాళ్ళకి దొరికింది."

"ఎంగిలాకులు," అంది అమ్మ. ఆవిడ గొంతు పెంచలేదు. "ఈ షావుకార్ల పెళ్ళిళ్ళలో మా అమ్మ ఎత్తింది ఇయ్యే ఆకులు. ఆటిల్లో మిగిలిన మెతుకులు కొంగున కట్టి మాకు తెచ్చేది. ఆ పని నా వరకూ రాకూడదని నన్ను మిషను బడికి అంపింది. పంతుల్ని సేసుకున్నానని ఎంత సంబరపడిందో మీకు తెల్దా?"

నాన్న తట్ట దించాడు. "ఆకుకి ఎంగిలని తెలీదు కదే," అన్నాడు మెల్లగా.

"ఆకుకి తెల్దు. నాకు తెలుసు."

"పారేసి వస్తాను," అని నాన్న తట్ట మళ్ళీ ఎత్తబోయాడు.

"మళ్ళీ వీధంతా సూడాలా? గోరుసుట్టు మీద రోకటిపోటు. ఆ గోతిలోనే ఎయ్యండి. దానికాడికి నేను రాను. అందులో పండింది నా పొయ్యి మీదకి రాదు."

ఆ రోజు నాకు ఇద్దరి మీదా జాలేసింది. అయినా గోతి పని తమాషాగా ఉండేది కాబట్టి నాన్న పక్షాన చేరాను. అడ్డాకు మొండిది, ముక్కలు చేస్తేగాని చివకదు. మిగిలిన ఆకుల్ని కూడా చీకటి పడ్డాక గోడ మీదుగా తెచ్చి, కత్తితో తరిగి, పొరలు వేసి, మన్ను కప్పాం. నాన్న మధ్యలో గునపం గుచ్చి ఉంచాడు. కొన్నాళ్ళకు దాన్ని పైకి లాగి నా చేత తాకించాడు. చుర్రుమంది. కంటికి కనిపించని పురుగులు ఆకులు తింటున్నాయట, ఆ తిండి వేడే అదట. ఊపిరాడక చస్తాయని అప్పుడప్పుడు గెత్తాన్ని తిరగేసేవాడు. తన పిల్లల్ని కూడా అంత జాగ్రత్తగా తిరగేసి పడుకోబెట్టి ఎరగడు. ఆ గునపం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి అమ్మకు చూపించబోయాడు.

"పురుగులకి బోయినం ఎట్టినారు. సంతోషం," అంది అమ్మ, తిరిగి చూడకుండానే.

వానలు వచ్చి వెళ్ళేసరికి ఆకులు నల్లటి పొడిమన్ను అయ్యాయి. తొలకరి మట్టి వాసన వేసింది. విస్తరి కుట్టిన సన్నటి పుల్లలు మాత్రం అక్కడక్కడ చివకకుండా మిగిలాయి. ఆ గెత్తం వేసి పెట్టిన ఆనపపాదు ఇంటికప్పు ఎక్కి కూర్చుంది. కాయలు దిగాయి. అమ్మ మాట తప్పలేదు. కోసిన ప్రతి కాయనూ నా చేత ఇరుగుపొరుగులకు పంపేసేది. నాన్న రోజూ చారన్నం కలుపుకుంటూ కప్పు మీదకి చూసేవాడు.

పంచిన కాయలు ఊరుకుంటాయా, పేరు మోసుకుపోయాయి. ఓ పొద్దున్న షావుకారి తల్లి మా దడి బయట నిలబడింది. ఆవిడకు మల్లెపాదులంటే ప్రాణం.

"ఒసే పిల్లా, మీ అమ్మని పిలు," అంది. అమ్మ రాగానే ముసలావిడే అందుకుంది. "మల్లెలు మొగ్గెయ్యటం లేదే. మీ గెత్తం ఓ తట్ట కావాలి. ఎవలిసేతైనా అంపించు."

అమ్మ దడి తడిక తీసి పట్టుకుంది. "ఎత్తీవోలు ఎవలూ లేరమ్మా. తట్ట తెచ్చుకుని మీరే ఎత్తుకోండి. మీ మనవరాలి పెళ్ళి ఇస్తరాకులే."

ముసలావిడ దడి దాటి గోతి దగ్గరకు వచ్చింది. చివకని విస్తరి పుల్ల ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. ఇంటికెళ్ళి తట్ట తెచ్చుకుంది. కొంగు బిగించి, వంగి, దోసిళ్ళతో ఆ గెత్తం ఎత్తుకుంది. అమ్మ చేతులు కట్టుకుని నిలబడే ఉంది. తట్ట నిండాక, ముసలావిడ ఒక్కతీ లేపలేక అవస్థ పడుతుంటే మాత్రం గోతి దగ్గరకు వెళ్ళి, ఓ చేయి వేసి ఆవిడ చంకకు ఎత్తింది.

తరవాత చేయి దులుపుకోలేదు. అలాగే వచ్చి కత్తి తీసుకుని, కప్పు మీద నుంచి లేత కాయ ఒకటి కోసింది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఆనపకాయ పులుసు. అమ్మ అందరికీ వడ్డించి, తనూ వేసుకుంది. నాన్న మారు అన్నం అడిగాడు. గెత్తం గురించి, పురుగుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తెలివి ఆయనకు సైన్సు వల్ల వచ్చింది కాదు.