ముగింపు లేని పులి జెండా

మొన్న ఆదివారం ఒక ఊరు ఊరంతా నాకు డోలు కొట్టి, నీళ్లు పోసి స్వాగతం చెప్పింది తెలుసా? నవ్వకండి. ఆ మర్యాద నాక్కాదు, నా బండికి!

నా జపాన్ బొమ్మల కథ పిచ్చి మీకు తెలిసిందే కదా. చచ్చిపోయిన అన్న ఆత్మను వెతుక్కుంటూ దెయ్యాల లోకంలోకి పోయిన చెల్లెలు, ఆమెకు తోడు మూడు కళ్ల తెల్ల పులి. ముందు పుస్తకం, తర్వాత కార్టూన్, ఆ తర్వాత మనుషులతో సినిమా. పుస్తకం చదివేసి, మిగతావి సీడీల్లో చూసేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ఎర్రటి మూడుమూలల గుడ్డ మీద పులిని ప్రింట్ చేయించి బండి వెనక కర్రకు కట్టాను. మా ఊరు ఖానాపురం హవేలి అంతా తిరిగి తిరిగి చూసింది!

మా కంప్యూటర్ సెంటర్లో నాతో పనిచేసే కన్నయ్యది భద్రాచలం అడవి పక్కన కోయ ఊరు. వేల్పు పండుగకు పిలిచాడు. "అన్నా, బయటోళ్లను పిలుచుడు మా ఇంట్ల ఇదే ఫస్టు. పెద్దోళ్ల ముందు నా ఇజ్జత్ నీ చేతులున్నది" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు" అన్నాను నేను!

ఏన్కూరు దాటి, అడవి దారి పట్టి, ఊరి మొదట్లో బండి స్లో చేశానో లేదో డోలు మోగింది. ఆడవాళ్లు బిందెలతో వచ్చి చక్రం ముందు నీళ్లు పోశారు. కన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఆ గుడ్డేందన్నా! మా వేల్పుల బొమ్మలు గిట్లనే మూడుమూలల గుడ్డ మీదుంటయి!"

నేను గబుక్కున బండి దిగాను. వేల్పుల కథలు పాడే కన్నయ్య వాళ్ల పెద్దనాన్న ఎదురుగా నిలబడ్డాడు. "పెద్దయ్యా, తప్పయింది. ఇది దేవుడు కాదు, కార్టూన్" అన్నాను.

"మాది కాదని దూరంకెళ్లే తెల్సు బిడ్డా. ఎవలదో ఒకల వేల్పు గద! ఎదురొస్తే నీళ్లు పొయ్యకుండ ఎట్లుంటం?" అన్నాడాయన.

తర్వాత వాళ్ల గుడ్డ విప్పారు. చేత్తో కుట్టిన బొమ్మలు. ఒక్కో బొమ్మ మీద కర్ర ఆనించి ఆయన పాడుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. సబ్‌టైటిల్స్ లేవు, కోయ మాట ఒక్కటీ నాకు రాదు. అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ జపాన్ దాకా ఎందుకు పోయానురా అనిపించింది.

పాట అయ్యాక నా వైపు తిరిగాడు. "గుడ్డ విప్పినంక కథ చెప్పకుండ మడువొద్దు. ఇగ నీది చెప్పు."

చెప్పాను. పుస్తకంలో అన్న దెయ్యమయ్యాడని, కార్టూన్లో రాయి అయ్యాడని, సినిమాలో అసలు పులే లేదని! ఆయన తలూపాడు. "మాది గూడ గంతే. ఏరవతలోళ్లు ఒక తీరు పాడ్తరు, మేమొక తీరు. ఆఖరికి అన్న దొరికిండా?"

"ఇంకా తెలియదు పెద్దయ్యా. రాసేవాడు ఇంకా రాస్తూనే ఉన్నాడు."

అందరూ కన్నయ్య వైపు చూశారు. "కథ ఒడువకముందే గుడ్డ కట్టిండా మీ దోస్తు? సరే, గుడ్డ ఈడనే ఉండనియ్. ముగింపు దొరికినంక వచ్చి చెప్పి, మడుసుకపోతడు. పూచీ నువ్వే" అన్నాడు పెద్దయ్య అతనితో.

ఇప్పుడు పులి అక్కడే ఎగురుతోంది. కన్నయ్య రోజూ "అన్నా, అన్న దొరికిండా?" అంటాడు. నిన్న నెట్‌లో చూస్తే, ఆ రాసేవాడు కథ ఆపేసి రెస్టు తీసుకుంటున్నాడట!

ఇజ్జత్ కాపాడమని కన్నయ్య నా చేతుల్లో పెడితే, నేను దాన్ని తీసుకెళ్లి జపాన్‌వాడి చేతుల్లో పెట్టొచ్చాను!