సముద్రపు నత్తకు పాలకూర

నా చిన్నప్పుడు ఒక వేసవిలో, సముద్రం ఒడ్డున ఉన్న పళవేర్కాడులోని మా అత్త ఇంట్లో, ఒక నత్తను బతికించాలని నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. మాది వెంగల్ అనే ఊరు, వరి పండించే ఇల్లు. మా నాన్న చెల్లెలిని ఆ చేపల ఊరికి ఇచ్చారు.

ఒడ్డున తడి ఇసుకలో దొరికిన ఆ నత్త గుండ్రంగా, నున్నగా, భలే ముద్దుగా ఉండేది. బేసిన్‌లో ఉప్పునీళ్లు పోసి దాన్ని పెంచుకున్నాను. మా మళ్లలో నత్తలు లేత నారు కొరికేవి కాబట్టి, నత్తంటే ఆకు తినేదేనని నా గట్టి నమ్మకం. పాలకూర వేశాను. ముట్టలేదు. తోటకూర వేస్తే గుల్లలోకి ముడుచుకుంది, మహారాణి. అది చచ్చిపోతుందేమోనన్న బెంగతో నాకూ అన్నం సయించలేదు.

అత్త చూసి నవ్వింది. "ఇది మన మడిలో నత్త కాదు పాపా, ఆకు తినే జాతి కాదు" అంటూ బతికున్న ఆల్చిప్పనొకదాన్ని తెచ్చి నీళ్లలో వేసింది. కాసేపటికి నత్త మెల్లగా కదిలి, దాన్ని తన మెత్తటి ఒంటితో చుట్టేసింది. దాని నాలుక ఆకురాయిలా గరుకుగా ఉంటుందట. దాంతో గంటల తరబడి రాకి, చిప్పకు చిల్లి పెట్టి, లోపలి కండ తింటుందట. నాకు ఏడుపొచ్చింది. ఆల్చిప్పను లాగేయబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ప్రేమగానే పెట్టినావు. దానికేమి కావాలో చూసినావా?" అంది.

అప్పుడు తన సంగతి చెప్పింది. నీచు ముట్టని ఇంటి నుంచి కొత్త కోడలిగా వస్తే, అందరూ ఎంతో ప్రేమగా రొయ్యలు వడ్డించేవారట. తినకపోతే పొగరనుకున్నారట. ఆకలితో నీరసించాక, ఒకరోజు వాళ్లత్త పక్కన కూర్చుని, మీ ఇంట్లో ఏం తింటారని అడిగిందట. "ఆమె చారు కాచి పెట్టినాది పాపా. ఆ పొద్దే ఇది నా ఇల్లనిపించె" అంది.

నత్తను, దాని పట్టులోని ఆల్చిప్పను కలిపే సముద్రంలో వదిలి వచ్చాం. ఆల్చిప్ప మీద జాలి మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

మొన్న నా మనవడి పెళ్లాం, కర్ణాటక పిల్ల, నేను వడ్డించిన అన్నం కెలుకుతూ కూర్చుంది. గరిటె పక్కన పెట్టి, ఆమె దగ్గర కూర్చుని అడిగాను. జొన్నరొట్టె అని ఎంతో మెల్లగా చెప్పింది. నాకు చేయడం రాదు. ఆ పిల్లే పిండి కలిపి, నా చేతులు పట్టుకుని తట్టించింది.