ఒక్కసారికి ఒక్కటే

ఈ ఉదయం పక్కింటి వంటింట్లోంచి కాకరకాయ రసం వాసన గుప్పుమంది. ముఖం చిట్లించబోయి నవ్వేశాను. సింహాచలం గారు గుర్తొచ్చారు. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో ఆయన పంపుల షెడ్డు ఫోర్‌మన్, నా మొదటి బాసు. పంపు ఆగితే నేను హడావుడిగా నాలుగు పార్టులు ఒకేసారి మార్చబోయేదాన్ని. ఆయన చేయి అడ్డుపెట్టేవారు. “ఒక్కసారికి ఒక్కటే తల్లీ. అన్నీ మార్సేత్తే పాడైందేదో ఎలా తెలుత్తాది?”

ముప్పై ఆరో ఏట నాకు షుగరు బయటపడింది. ఆ జబ్బుతోనే మా అమ్మ కాలి వేళ్లు పోయాయి. మూడు నెలల్లో తిండితో, నడకతో తగ్గకపోతే మాత్రలే అన్నాడు డాక్టరు. భయంతో మెంతి నీళ్లు, కాకర రసం, వేపాకు, భోజనమయ్యాక నడక, అన్నీ ఒకే రోజు మొదలెట్టాను. రెండు వారాలకి షుగరు అంకె దిగింది. షుగరు మిషను పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తాను.

“బాగుంది. ఏది పనిసేసింది?” అన్నారాయన.

“అన్నీ సేత్తన్నాను సార్. ఏదో ఒకటి పనిసేసుంటాది.”

“ఆ ఏదో ఒకటి పేరేటి?”

ఇంకో వారానికి వేపాకంటేనే వాంతి వచ్చి, నడకతో సహా అన్నిటికీ స్వస్తి చెప్పాను. అంకె మళ్లీ ఎక్కి కూర్చుంది. అమ్మ పాదమే కళ్ల ముందు మెదిలింది. షెడ్డులో ఏడుస్తుంటే ఆయన చూశారు. “ఏడిత్తే పంపు తిరగదు. పద, ఒక్కోటీ సూద్దాం.”

వారం మెంతి నీళ్లు తాగాను, అంకె కదలలేదు. వారం కాకర రసం తాగాను, నా ముఖం తప్ప ఏమీ మారలేదు. మూడో వారం, మధ్యాహ్నం భోజనం కాగానే షెడ్డు చుట్టూ నడక. మోకాళ్ల నొప్పులున్నా ఆయనా నాతో నడిచారు, తన భార్య వండే చేపల పులుసు గురించి ఊరిస్తూ. నాలుగో రోజు నుంచి అంకె దిగసాగింది.

“దొరికిందే తల్లీ పార్టు!” అని ఆయన అరిచిన అరుపుకి పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చారు.

మూడు నెలలకి డాక్టరు మాత్ర రాయలేదు. పనిచేయడమంటే మనం నమ్మడం కాదని, ఉంటే ఒకలా, తీసేస్తే ఇంకోలా తేడా కనబడాలని నాకు నేర్పింది ఆయనే. తను రిటైరైన రోజు నా చేతిలో లడ్డూ పెట్టి, “తిను. తిన్నాక నడుద్దాం” అన్నారు. ఆ మనిషంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

ఇవాళ మధ్యాహ్నం పక్కింటి పద్మ కాకర రసం గ్లాసుతో వచ్చింది. “ఇది తాగితే షుగర్ పోద్దంటక్కా.”

“ఇంకేటి తాగుతన్నావ్?”

“ఇంకో నాలుగు.”

“భోంచేశావు కదా, సెప్పులేసుకో. ఇయాల్టి నుంచి ఒక్కటే సూద్దాం.”

వీధి చివరికి చేరేసరికి, నేనెన్నడూ రుచి చూడని ఆ చేపల పులుసు గురించి పద్మకి వర్ణించి చెబుతున్నాను.