మామిడి కొత్త ఇంకా కాలేదు

ఇప్పుడంటే మా కొండ మీద కూడా టవరు లేచింది, కబురు పుట్టిన నిమిషానికే ఊరంతా పాకిపోతోంది గానీ, నేను డిగ్రీ పాసైన ఆ ఏడాది మాత్రం కబురు కూడా మనిషిలాగే జీపెక్కి, మెట్ట దగ్గర దిగి, మిగతా దారంతా కాళ్లతో నడిచి ఇల్లు చేరాల్సి వచ్చేది. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ దాకా చదివినవాళ్లు లేరు. నేను పాడేరులో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని వివరాలు ఎక్కించే పని చేస్తూ, ప్రైవేటుగా పరీక్షలు రాస్తూ, లెక్కల టీచరమ్మ గారింట్లో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. మంచి ఉద్యోగస్తుల మధ్య కూర్చుని ఇంత అన్నం తింటే సగం డిగ్రీ వచ్చేసినట్టేనని నాకప్పట్లో గట్టి నమ్మకం. (మిగతా సగం పరీక్షలు రాస్తే వస్తుందనుకునేదాన్ని.)

టీచరమ్మే నన్ను భోజన మండలిలో చేర్పించింది. మండలి అంటే ఏమీ లేదు, ఊళ్లో ఉద్యోగాలు చేసుకునే కొందరు నెలకోసారి సాయంత్రం హోటలుకెళ్లి కలిసి తింటారు. అయితే దాన్ని వాళ్లు నడిపే పద్ధతి చూస్తే కోర్టు గుర్తొచ్చేది. ప్రెసిడెంటు మాస్టారు (రిటైరు కావడానికి దగ్గరపడ్డ హెడ్మాస్టారు, పైన కండువా లేకుండా అన్నం ముట్టేవారు కాదు) వచ్చి కూర్చునేదాకా ఎవరూ ఆకు తుడిచేవారు కాదు. నెలకి ఒక్క సరుకు ఎంచుకుని, ఆ పూట కూరలన్నీ దానితోనే చేయించేవారు. ఒక నెల పనస, ఒక నెల గుమ్మడి. కొత్తగా చేరినవాళ్లు మొదటి ముద్ద తిని, లేచి నిలబడి, కూర ఎలా ఉందో తీర్పు చెప్పాలి. ఆ తీర్పు వచ్చేదాకా మిగిలినవాళ్లు చెయ్యి పెట్టకూడదు. ఎవరూ నవ్వకుండా పాటించే నియమం అది.

నేను చేరిన రోజు మధ్యాహ్నమే ఫోనులో రిజల్టు కనిపించింది. పాస్. పేరు నాదే, నంబరు నాదే. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కుండ దగ్గరికెళ్లి నీళ్లు తాగి వచ్చాను, మళ్లీ వెళ్లి తాగాను. మనసులో మాత్రం అంతా సిద్ధం చేసేసుకున్నాను. సాయంత్రం తీర్పు చెప్పడానికి ఎలాగూ నిలబడతాను కదా, ఉప్పు సరిపోయిందని చెప్పి, కొంచెం ఆగి, ఇంకో విషయం కూడా అని మొదలుపెట్టాలి. అద్దం ముందు ఆ ఆగడం కూడా ప్రాక్టీసు చేశాను.

హోటల్లో విస్తళ్లు వేశారు. మాస్టారు కండువా సర్దుకున్నారు. టీచరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కూరలు ఒక్కొక్కటే వచ్చాయి. పప్పులో మామిడికాయ. కోడికూరలో మామిడికాయ. ఎండురొయ్యల్లో మామిడికాయ. పక్కన మామిడికాయ పచ్చడి. ఆ నెల సరుకు కొత్త మామిడికాయట, కొండ కింద నుంచి మొదటి కాపు ఆ పొద్దునే వచ్చిందట. అందరూ నా చేతి వైపు చూస్తున్నారు. నా చెయ్యి అన్నం మీద ఆగిపోయింది.

మా ఊళ్లో మామిడి కొత్త ఇంకా కాలేదు. ఏ పంటైనా సరే, ముహూర్తాలు చూసే మా ఊరి దిసారి మంచిరోజు చెప్పాక, దేవుడి దగ్గర పెట్టి, ఇంటి పెద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగిలినవాళ్లం తింటాం. చిక్కుడుకి చిక్కుడు కొత్త, మామిడికి మామిడి కొత్త. మా ఇంటి పెద్ద మామ్మ. కొత్త కాకముందు మామిడి నాకినవాళ్లకి దారిలో పులి కూర్చుని ఉంటుందని చిన్నప్పుడే చెప్పి పెట్టింది. పులి సంగతి నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. పాడేరు వెళ్లేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, అక్కడున్నా కొత్త తప్పకూడదని మాట తీసుకుంది. ఆ మాట పులి కాదు, నమ్మడం మానేసి ఊరుకోవడానికి.

కాబట్టి ముద్ద ఎత్తకుండా కూర్చున్నాను. విస్తళ్ల మీద ఆవిరి తగ్గుతోంది. పక్కనున్న కాంపౌండరు బాబాయి (సమయానికి తినకపోతే చేతులు వణుకుతాయని తనకి తనే మందు రాసుకున్న మనిషి) నా మొహం చూసి, జేబులోంచి గ్యాసు మాత్ర తీసి విస్తరి అంచున పెట్టాడు. కాదనడం మర్యాద కాదని మింగేశాను. ఇక తప్పక, తల దించుకుని, మా ఊళ్లో కొత్త కాలేదండీ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఇన్నాళ్లకి ఇలాంటివాళ్ల పక్కన చోటు దొరికింది, ఇప్పుడు అడవి పిల్ల అనుకుని లేపేస్తారనుకున్నాను.

"కాయ మీ ఊరిది కాదు కదమ్మా. నర్సీపట్నం కాయకి మీ దేవుడితో పనేటి?" అన్నారు మాస్టారు, చాలా గంభీరంగా.

"రూలు కాయకి కాదండి, నోటికి," అన్నాను.

బాబాయి నీళ్లగ్లాసు తిప్పుతూ, మరి బల్ల మీద సీసాలో ఉన్న ఆవకాయ సంగతేమిటని అడిగాడు. అది పోయినేటి కాయండీ, దానికి కొత్త అయిపోయింది, తినొచ్చు అన్నాను. పాత మామిడి తింటుంది, కొత్తది తినదు అంటూ ఎవరో గొణిగారు. అది ఎంత వింతగా ఉందో నాకూ అప్పుడే తెలిసింది. ఇక లేచి వెళ్లిపోదామని కుర్చీ వెనక్కి జరిపాను.

అప్పుడు టీచరమ్మ నోరు విప్పింది. "కూకో గుంటా. మా చర్చిలో కోతపండక్కి మొదటి గుమ్మడికాయ బల్ల మీద పెట్టేదాకా మా యమ్మ కత్తి ముట్టనిచ్చేది కాదు. నేను ఏడిసినా ఇచ్చేది కాదు," అంది. చెప్పి, తన విస్తరి కూడా కాస్త ముందుకి నెట్టేసింది, నాకు తోడుగా.

మాస్టారు కండువా తీసి మళ్లీ వేసుకున్నారు. తీర్పు ఏ కూర మీద చెప్పాలో నియమంలో లేదు కాబట్టి ఆవకాయ మీద చెప్పొచ్చన్నారు. నేను అన్నంలో పోయినేటి ఆవకాయ కలిపి, ముద్ద తిని, లేచి నిలబడ్డాను. "ఉప్పు సరిపోయిందండి," అన్నాను. మండలి మొత్తం ఊపిరి వదిలి ఒక్కసారిగా పప్పు మీద పడింది. బాబాయి అయితే నా మాట పూర్తికాకముందే పడ్డాడు.

నేను మాత్రం నిలబడే ఉన్నాను. కొంచెం ఆగాను, అద్దం ముందు ఆగినట్టే. మాస్టారు తలెత్తి, ఇంకేటైనా సెప్పాలా అమ్మా అని అడిగారు. నోరు తెరిచాను. సరిగ్గా అక్కడ నా మాటే నాకు అడ్డొచ్చింది. కొత్త ఏదైనా ముందు ఇంటి పెద్దకి అని ఇంతమందిని ఆకలితో కూర్చోబెట్టి మరీ చెప్పాను. మరి ఈ పాసైన కబురో? మా ఇంట్లో ఇంతకుముందు ఎప్పుడూ కాయని కాయ కదా ఇది. "ఏం లేదండి," అని కూర్చున్నాను. నోట్లోకి కూర వెళ్లలేదు, నోట్లోంచి కబురు రాలేదు. మజ్జిగ ఒక్కటే ఏ అడ్డూ లేకుండా దిగింది. బాబాయి నా మొహం మరోసారి చూసి ఇంకో మాత్ర తీశాడు.

ఆ కబురుని కూడా కొత్త రోజు దాకా దాచుకున్నాను. తరవాతి నెల మండలి హోటలుకి వెళ్లలేదు. మాస్టారి ఆజ్ఞ ప్రకారం జీపు మాట్లాడుకుని మా ఊరి మామిడి కొత్తకి వచ్చింది. పరీక్షలు దిద్దే రోజుల్లోలా అందరూ నిశ్శబ్దంగా మా అరుగు మీద వరసగా కూర్చున్నారు. దేవుడి దగ్గర అయ్యాక మామ్మ ముక్క కొరికి, నమిలి, తర్వాతి ముక్క నా నోట్లో పెట్టింది. పులుపు పూర్తిగా దిగకుండానే, "మామ్మా, డిగ్రీ పాసైపోయాను," అన్నాను.

మామ్మ నమలడం ఆపింది. "ముందల ఎవలికైనా సెప్పేవా?"

"ఎవలికీ సెప్పనేదు."

డిగ్రీ అంటే ఏమిటని కూడా ఆవిడ అడగలేదు. ఇంకో ముక్క తీసి ఉప్పద్ది నా నోట్లో పెట్టింది, ఎవరికీ ఇంకా మొదటి ముక్క అందకుండానే. అరుగు మీద మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. బాబాయి మాత్రం, అయితే ఆ మాత్రలు రెండూ దండగేనా అని టీచరమ్మని అడుగుతున్నాడు.

ఇదంతా ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున్నుంచి నా దగ్గర ఇంకో కబురుంది. డిగ్రీ కంటే పెద్దది. అదేమిటో మీకు చెప్పను, ఏమీ అనుకోకండి. ఫోనుందని తెలుసు, మా ఊళ్లో టవరుందనీ తెలుసు. అయినా మధ్యాహ్నం జీపుకి బయల్దేరుతున్నాను. మామ్మకి ఇప్పుడు చెవులు బాగా మందగించాయి, పక్కన కూర్చుని కేకేస్తే గానీ వినబడదు. అంటే ఈసారి మామ్మతోపాటే ఊరంతా, పశువులతో సహా, ఒక్కసారే వింటుంది. విస్తరి ముందు పెదాలు బిగించుకుని, గ్యాసు మాత్ర మింగి కూర్చున్న ఆ పిల్ల కనిపిస్తే, గట్టిగా కేకేసే రోజు కూడా వస్తుందిలేవే, ముందు మజ్జిగ తాగు అని చెప్పాలనిపిస్తోంది.