పెళ్లిగుర్రం మెడనొప్పి

కడపకు మారి చాలాకాలమైనా, కల్లూరులో నేను నడిపిన చిన్న పశువుల క్లినిక్ తరచూ గుర్తొస్తుంది. రేకుల షెడ్డు, ముందు కాస్త ఖాళీ జాగా, పక్క సందులో షేర్ ఆటోల మోత. కుక్కలు, పాడిగేదెలు వచ్చేవి. గుర్రం మాత్రం ఒక్కటే వచ్చింది.

కోసిగి దగ్గరి పల్లె నుంచి దంపతులిద్దరు దాన్ని చిన్న లారీలో తెచ్చారు. తెల్లని ఆడగుర్రం. ఎన్నో ఏళ్లు పెళ్లికొడుకులను మోసింది. ఈమధ్య ముందరి కుడికాలు తడబడుతోందని ఆయన చెప్పాడు. గిట్ట చూశాను, మోకాలు చూశాను, కాలికి ఎక్స్‌రే తీశాను. ఏమీ దొరకలేదు. నొప్పికి మందిచ్చి పంపాను. మందు అయిపోగానే తడబాటు మళ్లీ మొదటికొచ్చింది. వాళ్లూ మళ్లీ వచ్చారు.

ఈసారి ఆమె నోరు విప్పింది. "డాక్టరమ్మా, కాలు కాదేమో. మేత కింద ఏస్తే ముందరి కాళ్లు శానా ఎడంగా సాపి మేస్తాండాది. ఎత్తులో పెడితే సుబ్బరంగా తింటాది."

"నువ్వుండుమే, ఆయమ్మ సదువుకోనుండాది," అన్నాడాయన.

నాకు సిగ్గేసింది. మేత వేసేదెవరని నేను అడగనే లేదు. క్యారెట్ ముక్క చూపించి గుర్రం తలను పక్కకు తిప్పించాను. ఎడమకు తేలిగ్గా తిరిగింది. కుడికి సగంలోనే ఆగి, మెడకు బదులు ఒళ్లంతా తిప్పింది.

కొద్దిగా మత్తిచ్చి, నిలబెట్టే మెడకు ఎక్స్‌రే తీశాను. కంప్యూటర్ తెర మీద ఎండ పడి ఏమీ కనబడకపోతే ఆమె కొంగు అడ్డం పట్టింది. ఆ నీడలో ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. పై కీళ్ల అంచులు నున్నగా ఉన్నాయి. భుజానికి దగ్గరి కీలు మాత్రం ఉబ్బి, ఎగుడుదిగుడుగా ఉంది. కుడిదో ఎడమదో తేలక, యంత్రాన్ని ఏటవాలుగా పట్టి మళ్లీ తీశాను. కుడిదే. నొప్పి లేని ముసలి గుర్రాల్లోనూ ఇలా కనిపించవచ్చు కాబట్టి స్కానింగ్ చేశాను. కీలులో నీరు చేరింది. అక్కడ నొక్కితే గుర్రం చెవులు వెనక్కి పెట్టింది.

"మెడ కీలు అరిగి వాచిందప్పా. కాలికి పోయే నరాన్ని ఒత్తుతున్నట్టుంది," అన్నాను.

ఆయన గుర్రం వైపు తిరిగాడు. "పెండ్లిండ్లలో తల ఎత్తుకోనుండాలని కళ్లెం బిగించి కట్టేటోన్ని. నేనే చేసినానా?"

"అట్లని చెప్పలేమప్పా. వయసుకూ వస్తుంది."

నమ్మినట్టు లేదు. దాని మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. ఆమె వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

స్కానింగ్‌లో చూసుకుంటూ ఆ కీలులోకి సూదిమందు వేశాను. అలా వేయడం నాకదే మొదటిసారి. నెల తిరిగేసరికి తడబాటు చాలావరకు తగ్గింది. మెడ మాత్రం పూర్తిగా తిరగలేదు. ఇక మనుషులను మోయించొద్దని, రోజూ మెల్లగా నడిపించమని చెప్పాను.

మరుసటేడు గొర్రెల టీకాలకని కోసిగి వైపు వెళ్లినప్పుడు రోడ్డు పక్కన ఆయనా గుర్రమూ నడుస్తూ కనిపించారు. ముందు ఆయన, వెనక వదులుగా వేలాడే తాడుతో అది. బండి ఆపి, "యాడికప్పా?" అనడిగాను.

"యాడికీ లేదు డాక్టరమ్మా," అని నవ్వాడు. "ఊరికే తిరుగుతాండాం."